ఏం కుట్టాలో తోచనప్పుడు మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి: ఆర్ట్ క్విల్ట్ చేసేవాళ్ళ కోసం

"బీరువా నిండా బట్ట ఉంది, మిషన్ బాగానే ఉంది, ఈమధ్య టైమ్ కూడా దొరుకుతోంది, కానీ కూర్చుంటే ఏమీ తోచట్లేదు, ఏం చేయమంటారు?" ఇదే మాట చాలామంది అడుగుతున్నారు, ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట పెట్టేస్తున్నా. మామూలు అతుకుల బొంతకైతే ప్యాటర్న్ ఉంటుంది, అది చూసి కోసుకుంటూ కుట్టుకుంటూ పోతే అయిపోతుంది. ఆర్ట్ క్విల్ట్‌కి అలా కుదరదు, అది గోడకి తగిలించే బొమ్మలాంటి బొంత, సైజు మనమే తేల్చాలి, రంగులు మనమే, బొమ్మ వేయాలా ఉత్త ఆకారాలతో పోవాలా అన్నదీ మనమే, చేతికుట్టా మిషన్ కుట్టా, అంచు మడవాలా వదిలేయాలా, ఇవన్నీ బుర్రలో ఒకేసారి తిరుగుతుంటే ఇంక కత్తెర పట్టుకోబుద్ధి ఎక్కడ అవుతుంది. నేను చూసినంతలో "ఐడియాలు రావట్లేదు" అనేవాళ్ళలో ఎక్కువమందికి ఐడియాలు ఉంటాయి, ఫోన్‌లో దాచుకున్న ఫోటోలే బోలెడు ఉంటాయి, తేల్చుకోవాల్సినవి మరీ ఎక్కువైపోయి అక్కడే ఆగిపోతారు. కాబట్టి కింద స్టెప్స్‌లో మనం చేసేదల్లా ఆ తేల్చుకునే పనిని తగ్గించుకుంటూ రావడమే.

ముందు మీరు ఎక్కడ ఆగారో చూసుకోండి

అసలు మొదలే పెట్టలేకపోతుంటే 1వ స్టెప్ నుంచి వరసగా వెళ్ళండి. సగం కుట్టి గోడకి తగిలించి నెలల తరబడి దాన్నే చూస్తూ కూర్చున్నవాళ్ళు సరాసరి 6కి వెళ్ళిపోండి. కుట్టడం ఆగలేదు గానీ చేసిందే చేస్తున్నట్టుంది, లేదా ఇంకెవరిదో చూసి చేసినట్టుంది అనిపించేవాళ్ళకి 5, 7 పనికొస్తాయి. ఇంకో మాట, క్విల్టింగ్ ఒక్కటే కాదు దేనిమీదా మనసు పోవట్లేదు, నిద్ర తిండి కూడా తేడాగా ఉన్నాయి, వారాలుగా ఇదే పరిస్థితి అంటే అది బట్టలతో తీరేది కాదు, డాక్టర్‌కి చూపించుకోండి.

కావాల్సినవి

- బ్యాటింగ్ (పైగుడ్డకీ వెనక గుడ్డకీ మధ్యలో పెట్టే దూది పొర) ముక్కలు ఐదు, 20×25 సెం.మీ. సైజులో. పాత ప్రాజెక్టుల్లో మిగిలినవి చాలు, లేకపోతే పాత ఫ్లానెల్ దుప్పటి కోసుకోండి
- వాటికంటే కాస్త పెద్దగా వెనక గుడ్డలు ఐదు, ఏవైనా పర్లేదు
- మీ పీలికల సంచి. కొత్త బట్ట కొనొద్దు, ఇది సీరియస్‌గానే చెప్తున్నా, కొనడం కూడా పని వాయిదా వేయడమే
- రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడ్ దొర్లించి బట్ట కోసేది), కింద వేసుకునే మ్యాట్, స్కేలు. లేకపోతే పదునైన కత్తెర
- గోడకి తగిలించడానికి ఫ్లానెల్ గుడ్డ గానీ వెడల్పాటి బ్యాటింగ్ గానీ
- మిషన్‌కి కొత్త సూది. మామూలు కాటన్‌కి 80/12, లావు దారమైతే 90/14 టాప్‌స్టిచ్
- టైమర్, కెమెరా (ఫోన్‌లో రెండూ ఉన్నాయి)
- అప్లికే (బట్ట మీద వేరే బట్ట ఆకారాలు అతికించడం) చేసే ఉద్దేశం ఉంటే ఫ్యూజిబుల్ వెబ్ (ఇస్త్రీ చేస్తే అంటుకునే, కాగితం మీదున్న జిగురు పొర), బేకింగ్ పేపర్

మిషన్ లేనివాళ్ళు ఆగిపోవద్దు, కింద ప్రతీదీ చేతికుట్టుతో చేసుకోవచ్చు, కాస్త నిదానం అంతే.

స్టెప్స్

1. ముందు మిషన్ సంగతి చూడండి.

ఇన్స్పిరేషన్‌కీ దీనికీ ఏంటి సంబంధం అనుకుంటారేమో, చాలా ఉంది. మాటిమాటికీ దారం తెగుతుంటే, కింద ఉండలు కడుతుంటే, మనకి తెలీకుండానే ఆ టేబుల్ దగ్గరికి వెళ్ళబుద్ధి కాదు, దానికి క్రియేటివ్ బ్లాక్ అని పెద్ద పేరు పెట్టేస్తాం. సూది మార్చండి, దాదాపు 8 గంటలు కుట్టాక సూది మార్చాలని లెక్క, మనలో చాలామంది విరిగేదాకా మార్చరు. బాబిన్ కేస్ తీసి బ్రష్‌తో దుమ్ము తీయండి, నోటితో ఊదొద్దు, ఊదితే అది ఇంకా లోపలికి పోతుంది. తర్వాత పైదారం మొత్తం లాగేసి, ఫుట్ (బట్టని నొక్కి పట్టే పాదం) పైకెత్తి ఉంచి, మళ్ళీ మొదట్నుంచి ఎక్కించండి. ఫుట్ దించి ఎక్కిస్తే దారం టెన్షన్ డిస్కుల మధ్యలోకి దిగదు, కింద ఉండలు కట్టడానికి చాలాసార్లు కారణం ఇదే.

కట్టర్ బ్లేడ్ కూడా చూడండి. మొద్దుబారిన బ్లేడ్‌తో గట్టిగా నొక్కాల్సి వస్తుంది, జారితే వేళ్ళ మీదకి వస్తుంది. కోసిన ప్రతిసారీ బ్లేడ్ మూసేయడం అలవాటు చేసుకోండి.

2. గోడ మీద ఫ్లానెల్ తగిలించండి.

కాటన్ ముక్కలు ఫ్లానెల్‌కీ బ్యాటింగ్‌కీ పిన్నులు లేకుండానే అతుక్కుని ఉంటాయి, అదే దీని ఉపయోగం, జరపడం సులువు. టేబుల్ మీద పరిచి పైనుంచి చూస్తే దగ్గరివి పెద్దగా దూరంవి చిన్నగా కనబడి అంచనా తప్పుతుంది, పైగా అదే టేబుల్ మీద ఇంకో పని చేయాలంటే అంతా ఎత్తేయాలి. గోడ ఖాళీ లేకపోతే తలుపు వెనక తగిలించండి, అదీ కుదరకపోతే పెద్ద అట్టకి గుడ్డ చుట్టి మంచం పక్కన నిలబెట్టినా సరిపోతుంది. మీరు అటూ ఇటూ తిరిగేటప్పుడు కంట్లో పడే చోట ఉండాలి, అదే ముఖ్యం.

3. బ్యాటింగ్ ముక్కలు ఐదూ ఒకేసారి కోసి పెట్టుకోండి.

ఒక్కో ముక్క ఒక్కో చిన్న క్విల్ట్ అవుతుంది. ఒక్కటే కోస్తే దాని మీద బరువంతా పడుతుంది, ఇదే బాగా రావాలి అని. ఐదుంటే ఒకటి పోయినా పర్లేదు అన్న ధైర్యం ఉంటుంది. అందుకే పెద్ద సైజులు వద్దంటున్నా, మీటర్ వెడల్పున్న దానికి రోజులు పడతాయి, ఇది ఒకట్రెండు సార్లు కూర్చుంటే అయిపోతుంది. ఐదు పూర్తయ్యేదాకా సైజు మార్చొద్దు, అప్పటిదాకా దాని గురించి ఆలోచించే పనే ఉండదు.

4. రంగులు కాదు, ముదురు లేత చూసి బట్ట ఎంచుకోండి.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తా. పీలికల సంచిలో చెయ్యి పెట్టి చూడకుండా ఒక గుప్పెడు తీయండి. వాటిని మూడు కుప్పలు చేయండి: లేతవి, మధ్యస్థం, ముదురువి. ఇప్పుడు మూడు కుప్పల్నీ ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ఏదో ఒకటి తప్పు కుప్పలో కనబడుతుంది, మెరిసే ఎరుపు మనకి లేతగా అనిపిస్తుంది గానీ ఫోటోలో మధ్యస్థం కిందకో ముదురు కిందకో వెళ్ళిపోతుంది, పసుపేమో ఎంత గట్టిగా ఉన్నా లేత వైపే ఉంటుంది. పువ్వుల ప్రింట్లయితే ఇంకా మోసం, ఒకే గుడ్డలో ముదురూ లేతా రెండూ ఉంటాయి, వాటిని ఈసారికి పక్కన పెట్టేయండి.

కుప్పలు సరిచేశాక మొత్తం ఐదు బట్టలే తీసుకోండి. వాటిలో ఒకటి బాగా ముదురు, ఒకటి బాగా లేత ఉండి తీరాలి. ఒక బట్ట ఎక్కువగా వాడాలి, ఒకటి చాలా కొంచెంగా, వేలెడంత. అన్నీ సమానంగా వాడితే చూసేవాళ్ళ కన్ను ఎక్కడా ఆగదు. రంగులు పొంతన కుదరట్లేదని దిగులు పడకండి, ముదురు లేత సరిగ్గా పడితే రంగులు ఎలాంటివైనా నెట్టుకొచ్చేస్తాయి.

హెచ్చరిక: ఈ సర్దుడు సరదాగా ఉంటుంది, అలా సర్దుతూ సాయంత్రం అయిపోతుంది, బీరువా మొత్తం రంగుల వారీగా మడత పెట్టేస్తారు, ఒక్క కుట్టూ పడదు. అరగంట దాటొద్దు.

5. టైమర్ 20 నిమిషాలు పెట్టి, స్కెచ్ లేకుండా కోయండి.

మూడు దారులు చెప్తా, ఏదో ఒకటి పట్టుకోండి.

మొదటిది, మధ్యలో ఒక ముక్క పెట్టి దాని చుట్టూ పట్టీలు కుట్టుకుంటూ బయటికి రావడం. స్కేలు వాడొద్దు, పట్టీల వెడల్పు ఒకేలా ఉండక్కర్లేదు, వంకరగా కోసినా ఫర్వాలేదు. అమెరికాలో అలబామా నది వంపులో గీస్ బెండ్ అని ఒక ఊరుంది, అక్కడి ఆడవాళ్ళు తరతరాలుగా ఇలాంటివి కుడుతున్నారు, దీన్ని హౌస్‌టాప్ అంటారు. చలికి కప్పుకోవడానికి, చిరిగిన పనిబట్టలతో కుట్టుకున్నవి. అవి 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు, 2006లో వాటి బొమ్మలతో పోస్టల్ స్టాంపులు కూడా వచ్చాయి. అవి చూస్తే ఒకటి కనబడుతుంది, ముక్క ఎక్కడ అయిపోయిందో అక్కడ ఇంకో రంగు అతికారు, ఆ అతుకే డిజైన్ అయి కూర్చుంది. మీరూ అంతే చేయండి, పట్టీ చాలకపోతే పొడుగైనది వెతక్కండి, చేతికందిన ఇంకో రంగు అతికేయండి.

రెండోది, ఒక బట్టని అడ్డంగా కోసి, ఆ కోత మధ్యలో సన్నటి పట్టీ పెట్టి మళ్ళీ కుట్టేయడం. అలా రెండు మూడు సార్లు, వేరే వేరే కోణాల్లో. దీనికి బుర్ర అసలు పెట్టక్కర్లేదు, అందుకే బాగా అలిసిపోయి ఉన్న రోజున ఇదే మంచిది.

మూడోది చేతికుట్టు వాళ్ళకి. కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవంది అనే బొంతలో బయటి అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు, ముక్క పెట్టడం, అంచు లోపలికి మడవడం, వెనక గుడ్డతో కలిపి పరుగుకుట్టు వేయడం, అన్నీ ఒకేసారి అయిపోతాయి. పైభాగం వేరుగా తయారుచేసి తర్వాత క్విల్టింగ్ (పైభాగం, బ్యాటింగ్, వెనక గుడ్డ మూడు పొరలూ కలిపి కుట్టడం) చేయడం అనేది ఉండదు కాబట్టి "తర్వాత ఏం చేయాలి" అని ఆగే సందే దొరకదు. ప్లాన్ వేసుకోకపోతే గుబులుగా ఉండేవాళ్ళకి మొదట్లో చిరాకు పుడుతుంది, కాసేపు ఓపిక పట్టండి.

టైమర్ మోగాక గోడకి పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోండి. బాగుందా లేదా అని ఆ రోజు తేల్చొద్దు.

6. సగంలో ఆగిపోయినదాన్ని ఏం చేయాలి.

ముందు జబ్బు ఏంటో కనిపెట్టాలి. ఫోటో తీసి ఫోన్‌లో అతి చిన్న సైజులో చూడండి. బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. క్విల్ట్‌ని తలకిందులుగా తగిలించండి, తెల్లగుడ్డతో సగం కప్పి చూడండి, తర్వాత ఇంకో సగం. కప్పినప్పుడు మిగిలిన సగం బాగుంటే తప్పు ఆ కప్పిన వైపు ఉంది. మొత్తం బూడిద రంగు ముద్దలా కనబడితే ముదురు లేత తేడా చాలలేదు, ఒక బాగా ముదురు ముక్క పిన్ చేసి చూడండి, కుట్టకండి, పిన్ మాత్రమే. అన్నీ అరుస్తున్నట్టుంటే కొన్ని ముక్కలు తీసేసి సాదా గుడ్డ పెట్టండి. పాడైపోతుందని భయమైతే ఫోటోని కాగితం మీద ప్రింట్ తీసుకుని దానిమీద రంగు కాగితం ముక్కలు అతికించి చూసుకోండి, తప్పయినా పోయేది కాగితమే.

ఇవన్నీ చేసినా కదల్లేదా, కోసేయండి. అవును, కట్టర్‌తో. ఇంకా మూడు పొరలు కలపని టాప్ అయితే నాలుగు ముక్కలు చేసి, ఒకదాన్ని తిప్పి పెట్టి మళ్ళీ కుట్టండి. ప్రతి అతుకుకీ రెండు వైపులా 6 మి.మీ. చొప్పున లోపలికి పోతుంది కాబట్టి సైజు తగ్గుతుంది, గీతలు కలవవు, కలవకపోవడమే ఇక్కడ కావాల్సింది. అప్పటికే క్విల్టింగ్ చేసేసి ఉంటే 10×15 సెం.మీ. ముక్కలు చేసి అంచులకి దగ్గరగా జిగ్‌జాగ్ వేస్తే బట్ట పోస్ట్‌కార్డులు అయిపోతాయి, మొత్తంగా చూస్తే బాలేనిది ముక్కల్లో చూస్తే ఒకట్రెండు చోట్ల భలే ఉంటుంది.

వేరేవాళ్ళ కోసం డబ్బు తీసుకుని చేస్తున్నదైతే మాత్రం కోయొద్దు, వాళ్ళని అడగండి. ఎవరి జ్ఞాపకంగానో దాచిన బట్టతో చేసిందైనా అంతే.

7. ఇప్పుడు సబ్జెక్ట్ వెతకండి.

దీన్ని ఏడో స్టెప్‌లో ఎందుకు పెట్టానంటే, చేతులు కదలకముందు సబ్జెక్ట్ వెతికితే గంటలు గంటలు స్క్రోల్ చేయడమే అవుతుంది. ఇంకొకళ్ళు పూర్తిచేసిన క్విల్టులు చూసీ చూసీ మన దగ్గరున్నది వెలవెలబోయినట్టు అనిపిస్తుంది, ఇంకా ముడుచుకుపోతాం. ఐదు ముక్కలు పూర్తయ్యేదాకా వేరేవాళ్ళ క్విల్టులు చూడొద్దు.

అట్టని ఎల్ ఆకారంలో రెండు ముక్కలు కోసి, రెండూ కలిపి చిన్న కిటికీలా పట్టుకోండి. మీరే తీసిన ఏదైనా ఫోటో మీద ఆ కిటికీని జరుపుతూ పోండి, మొత్తం ఫోటో కాదు, ఒక మూల. గోడ మీద పెచ్చు, నీళ్ళలో నీడ, మెట్ల అంచు, ఇలాంటివి. అందులో ఐదు ఆకారాలు మాత్రమే బేకింగ్ పేపర్ మీద గీసుకోండి. చెట్టు, ఇల్లు అని పేర్లు పెట్టుకోకండి, పేరు పెట్టిన వెంటనే మనకి తెలిసిన చెట్టే గీసేస్తాం.

ఫ్యూజిబుల్ వెబ్‌తో చేస్తుంటే కాగితం వైపు గీసిన బొమ్మ అద్దంలోలాగా తిరగబడి వస్తుంది, ముందే తిప్పి గీసుకోండి. ఇస్త్రీ చేసేటప్పుడు పైనా కిందా బేకింగ్ పేపర్ పెట్టండి, జిగురు ఇస్త్రీ పెట్టెకి అంటుకుంటే వదిలించడం ఒక యజ్ఞం. వేడి ఎంత పెట్టాలో ప్యాకెట్ మీద చూసి ముందు పనికిరాని ముక్క మీద చేసి చూడండి.

ఫోటోలు నచ్చనివాళ్ళు విన్న కథలు తీసుకోండి. హ్యారియట్ పవర్స్ అని జార్జియాలో బానిసత్వంలో పుట్టిన ఆవిడ, 1837లో పుట్టింది, ఆవిడ కుట్టిన క్విల్టులు రెండే మిగిలాయి, ఒకటి స్మిత్సోనియన్‌లో, ఇంకోటి బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో. బోస్టన్ దాంట్లో 1833లో ఉల్కలు రాలిన రాత్రి ఉంది, 1780లో పట్టపగలు చీకటి కమ్మిన రోజూ ఉంది. రెండూ ఆవిడ పుట్టకముందువి, జనం చెప్పుకుంటుంటే విన్నవి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు పదేపదే చెప్పే సంఘటన ఒకటైనా ఉంటుంది కదా, అందులో మీకు కళ్ళకి కట్టేది ఒక్క వస్తువు తీసుకోండి, కథ మొత్తం కుట్టడానికి చూడకండి.

వేరేవాళ్ళ ఫోటో, పెయింటింగ్ ఆధారంగా చేయాలంటే అనుమతి అడగండి. "కొంచెం మార్చాగా" అన్నది చాలదు, ప్రదర్శనలకి పంపేటప్పుడు ఇది సొంత డిజైనేనా అని అడుగుతారు.

8. పూర్తి చేయండి, ఎలా ఉన్నా సరే.

మూడు పొరలూ పేర్చి, వాకింగ్ ఫుట్‌తో (పొరలన్నిటినీ ఒకేలా ముందుకు జరిపే ఫుట్) సెంటీమీటర్ దూరంలో సమాంతరంగా గీతలు కుట్టేస్తే చాలు. ఫ్రీ మోషన్ (బట్టని చేత్తో ఎటు కావాలంటే అటు తిప్పుతూ కుట్టడం) అలవాటున్నవాళ్ళు ఫీడ్ డాగ్స్ (బట్టని కిందనుంచి లాగే పళ్ళు) దించి, దానికి వాడే డార్నింగ్ ఫుట్ పెట్టి, ముందు అవే పొరలున్న చిన్న ముక్క మీద టెన్షన్ చూసుకుని మొదలుపెట్టండి. అంచుకి బైండింగ్ (చుట్టూ పట్టీ కుట్టడం) అక్కర్లేదు, జిగ్‌జాగ్ చాలు. వెనక తేదీ రాయండి.

9. రోజూ మధ్యలో ఆపండి.

ఒక అతుకు పూర్తయ్యాక కాకుండా, అతుకు సగంలో ఉండగా సూది గుడ్డలోనే దింపి లేవండి. రేపు కూర్చోగానే ఏం చేయాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు. చిన్నపిల్లలు తిరిగే ఇల్లయితే స్విచ్ తీసేసి మిషన్‌కి కవర్ వేసి వెళ్ళండి.

మాటిమాటికీ జరిగే తప్పులు

మొదటి ముక్క నచ్చలేదని దాన్నే విప్పి కుట్టి విప్పి కుట్టి కూర్చోవడం అన్నిటికంటే ఎక్కువ చూస్తుంటా. విప్పొద్దు, రెండో దానికి వెళ్ళండి. ఇంకోటి, మధ్యలో కొత్త టెక్నిక్ నేర్చుకోవడం మొదలుపెట్టడం, రంగులద్దడం అనీ జెల్లీ ప్రింటింగ్ అనీ, అవి మంచివే, కానీ నేర్చుకునే తప్పులూ డిజైన్ తప్పులూ కలిసిపోయి ఏది ఏదో తెలీదు. ఇక మొదటిది కాగానే ఫోటో తీసి అందరికీ పంపడం. "బాగుంది" అన్నా ఇబ్బందే, రెండోది కూడా అలాగే చేయాలనిపిస్తుంది, ఎవరూ ఏమీ అనకపోతే ఇంకా ఇబ్బంది.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

ఐదూ పక్కపక్కన గోడకి పెట్టి మూడు మీటర్ల దూరం నుంచి చూడండి, తర్వాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో. ఐదూ ఒకేలా ఉంటే మీరు 4వ స్టెప్‌లో ప్రతిసారీ మీకిష్టమైన బట్టలే ఏరుకున్నారన్నమాట, ఈసారి ఇంట్లో వేరేవాళ్ళ చేత తీయించండి. ఐదింటిలో నాలుగు ఏమంత బాగోకపోవచ్చు, అది మామూలే, ఒక్కదాంట్లో ఒక మూల బాగుంటే చాలు, ఆ మూలని ఎల్ అట్టల కిటికీతో పట్టుకుని ఫోటో తీసి పెట్టుకోండి. నేను ఎక్కువగా నమ్మే గుర్తు ఇంకోటుంది, రెండోది కుడుతుండగా మూడోదానికి ఏం చేయాలో తోచిందా లేదా. తోస్తే దారిలో పడ్డట్టే. ఐదయ్యాక కూడా తోచకపోతే 5వ స్టెప్‌లో వేరే దారి పట్టుకుని ఇంకో ఐదు కోయండి, ఈసారి సగం సైజులో.

మరి పెద్దది ఎప్పుడు మొదలుపెట్టొచ్చు అని అడుగుతారు. ఆ బాగున్న మూల చిన్న సైజులో ఇరుకుగా అనిపించినప్పుడు. ఆ ఫోటో మీద గళ్ళు గీసి, ఒక్కో గడిని మూడింతలో నాలుగింతలో పెంచి పెద్ద కాగితం మీద గీసుకోండి. సైజు పెరిగిందని కుట్టు వరసల మధ్య దూరం కూడా అంతే పెంచేయకండి, బ్యాటింగ్ ప్యాకెట్ మీద ఎంత దూరం దాకా వదలొచ్చో రాసి ఉంటుంది, అది దాటితే లోపల దూది జరిగిపోయి అక్కడక్కడా ఉండలు కడుతుంది.